కలంకారీ చీరల ఫొటోలకు ల్యాప్‌టాప్ స్క్రీన్: కొత్తది కొనాలా, ఉన్నదాన్ని కాలిబ్రేట్ చేయిస్తే సరిపోతుందా?

కాళహస్తి_అద్దకం:

అందరికీ నమస్కారం. మాది శ్రీకాళహస్తి. ఇంట్లో మా అత్తగారు, తోడికోడలు కలంకారీ వేస్తారు, ఇంకో నలుగురు ఆడవాళ్లు వచ్చి పనిచేస్తారు, అమ్మకాల సంగతి నేను చూసుకుంటాను. ఫొటోలు తీసి, ల్యాప్‌టాప్‌లో సరిచేసి ఇన్‌స్టాగ్రామ్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో పెడతాను. ఆర్డర్లు ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరు నుంచి వస్తాయి.

ఈమధ్య చీరలు వెనక్కి రావడం ఎక్కువైంది. అన్నిటికీ కారణం ఒకటే, రంగు. ముఖ్యంగా ఎరుపు. మా దగ్గర ఎరుపంటే పటికతో గీసి మంజిష్ఠలో ఉడకబెడితే వచ్చేది. కాస్త మట్టి ఛాయ ఉంటుంది, కళ్లకు కొట్టదు, దాని అందమే అది. "ఫొటోలో ధగధగా ఉంది, వచ్చింది చూస్తే వెలిసిపోయినట్టుంది, పాత చీర పంపారా?" అని ఒకావిడ మెసేజ్ పెట్టారు. ఆ మాట మా అత్తగారి చెవిన పడకుండా చూసుకున్నాను, ఒక్కో చీర మీద ఆవిడ వారాల తరబడి కూర్చుంటారు మరి.

నాకు అర్థం కానిది ఏమిటంటే, నేను ఫొటో సరిచేసేటప్పుడు చీరను పక్కనే పెట్టుకుంటాను. నా స్క్రీన్ మీద రెండూ దగ్గరదగ్గరగానే కనిపిస్తాయి. అదే ఫొటో ఫోన్‌లో చూస్తే ఎరుపు మండిపోతూ ఉంటుంది. ల్యాప్‌టాప్ 15.6 అంగుళాలది, ఫుల్ హెచ్‌డీ. కొన్న షాపులో అడిగితే "ఐపీఎస్ ప్యానెల్ మేడమ్, కలర్స్ సూపర్" అన్నారు. పెట్టెలో వచ్చిన కాగితంలో మాత్రం 250 నిట్స్ (వెలుగు కొలత), 45% ఎన్‌టీఎస్‌సీ అని రాసి ఉంది. ఆ రెండో ముక్క ఏమిటో అక్కడ ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు ఒకరు కాలిబ్రేట్ (స్క్రీన్ రంగులు కొలిచి సరిచేయడం) చేయించు చాలు అంటున్నారు, మా మరిది ఓఎల్ఈడీ స్క్రీన్ (వెనక లైటు లేకుండా చుక్కలు వాటంతట అవే వెలిగేది) ఉన్న ల్యాప్‌టాప్ కొనమంటున్నాడు. 60 వేలు దాటి పెట్టలేను, అది కూడా నిజంగా అవసరమైతేనే. ఏం చేయమంటారు?

బైపాస్_ఆల్బమ్స్:

అక్కా, మీ సమస్యంతా ఆ కాగితంలో ఎవరూ చెప్పని ముక్కలోనే ఉంది. నేను తిరుపతిలో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను, కొండ మీద పెళ్లిళ్లే ఎక్కువ, పసుపు బట్టలు, కుంకుమ, పట్టుచీరల ఎరుపు, రోజంతా ఇవే రంగులతో పని కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఎన్‌టీఎస్‌సీ అనేది అమెరికాలో 1953లో కలర్ టీవీ కోసం పెట్టుకున్న రంగుల పరిధి కొలత. దాన్ని ఇప్పుడు ఎవరూ వాడటం లేదు, కానీ ల్యాప్‌టాప్ కంపెనీల కాగితాల్లో ఇంకా అలాగే ఉండిపోయింది. మనకు పనికొచ్చేది ఎస్ఆర్‌జీబీ. హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి 1996లో తెచ్చిన రంగుల ప్రమాణం అది. ఇంటర్నెట్‌లో ఫొటోలు, ఫొటో ల్యాబుల్లో ప్రింట్లు, దాదాపు అన్నీ దాని మీదే నడుస్తాయి. స్క్రీన్ ఎస్ఆర్‌జీబీ మొత్తం చూపించాలంటే ఎన్‌టీఎస్‌సీ లెక్కలో సుమారు 72% ఉండాలి. మీది 45%. అంటే ఎస్ఆర్‌జీబీలో 60 శాతం పైచిలుకు మాత్రమే చూపిస్తుంది, మిగతా రంగులు ఆ ప్యానెల్‌కు అసలు లేవు.

ఇప్పుడు మీ చేతిలో జరుగుతున్నది చూడండి. కెమెరా ఎరుపును సరిగ్గానే పట్టింది. ఫైల్‌లో ఎరుపు విలువ సరిగ్గానే ఉంది. మీ స్క్రీన్ దాన్ని చూపించలేక నారింజ వైపు జరిపి, చప్పబరిచి చూపిస్తుంది. మీరు పక్కనున్న చీరను చూస్తారు, ఫొటోలో రంగు తగ్గిందనుకుని శాచురేషన్ (రంగు గాఢత) పెంచుతారు, స్క్రీన్ మీద చీరతో కలిసేదాకా పెంచుతారు. స్క్రీన్ మీద కలిసింది, ఫైల్‌లో ఎరుపు హద్దు దాటింది. అదే ఫైల్ బెంగళూరులో ఒకావిడ ఫోన్‌లో తెరుచుకుంటుంది. ఆ ఫోన్ అమోలెడ్ అయితే ఎస్ఆర్‌జీబీ కన్నా ఎక్కువ రంగులు చూపగలదు, పైగా చాలా ఫోన్లు 'వివిడ్' మోడ్‌లోనే వస్తాయి, ఉన్న రంగును ఇంకా లాగి చూపిస్తాయి. మీరు పెంచింది, ఫోన్ పెంచింది రెండూ కలిసి ఆవిడకు మండే ఎరుపు కనిపిస్తుంది. ఇంటికొచ్చిన చీర మీ అత్తగారు వేసిన అసలు రంగులోనే ఉంటుంది. చీరలో తప్పేం లేదు.

షాపువాళ్లు ఐపీఎస్ అన్నది అబద్ధం కాకపోవచ్చు. కానీ ఐపీఎస్ అంటే పక్కనుంచి, కిందనుంచి చూసినా రంగు పెద్దగా మారదని మాత్రమే. ఎన్ని రంగులు చూపుతుందన్నది బ్యాక్‌లైట్ మీద, దాని ముందున్న కలర్ ఫిల్టర్ మీద ఆధారపడుతుంది. ఫిల్టర్ పలచగా ఉంటే తక్కువ కరెంటుతో ఎక్కువ వెలుగు బయటికొస్తుంది, చవకలో పని అయిపోతుంది, రంగు మాత్రం పోతుంది. అందుకే పేరుకు ఐపీఎస్ అయినా 45% ప్యానెళ్లు మార్కెట్ నిండా ఉన్నాయి. 'ఐపీఎస్ లెవెల్' అని రాస్తే ఇంకా జాగ్రత్తగా చూడాలి.

కాలిబ్రేషన్ సంగతి. చేయిస్తే తెలుపు తెలుపుగా ఉంటుంది, నీలం జీర పోతుంది, చీకటి నుంచి వెలుగు దాకా మెట్లు సరిగ్గా పడతాయి. లేని ఎరుపు మాత్రం రాదు. ఎవరైనా వస్తుందని చెప్పి డబ్బులడిగితే ఇవ్వకండి.

ఎస్వీయూ_హాస్టల్:

మీ మరిది చెప్పిందే కరెక్ట్ అక్కా. ఓఎల్ఈడీ ఒకసారి చూశాక మిగతావి చూడబుద్ధి కాదు. నలుపు నిజంగా నలుపే, రంగులు 100% డీసీఐ-పీ3 (సినిమాల కోసం పెట్టిన రంగుల పరిధి). ఆఫర్లు పడినప్పుడు మీ బడ్జెట్‌లోకి కూడా వస్తున్నాయి. ఇంకేం ఆలోచించకండి.

రేణిగుంట_కలర్:

పైన తమ్ముడు చెప్పినట్టు ఓఎల్ఈడీ మంచి ప్యానెలే, కాదనను. సినిమాలు చూడటానికి దాన్ని మించింది లేదు. కానీ ఈ అక్క పనికి అది కొని అలాగే వాడితే సమస్య తిరగబడుతుంది, అది అర్థం చేసుకోవాలి.

పీ3 అనేది ఎస్ఆర్‌జీబీ కన్నా దాదాపు నాలుగోవంతు పెద్దది. విండోస్‌లో కలర్ మేనేజ్‌మెంట్ (ఫైల్‌లోని రంగును ప్యానెల్‌కు తగ్గట్టు మార్చి చూపడం) లేని యాప్‌లో ఎస్ఆర్‌జీబీ ఫొటో తెరిస్తే ఆ ప్యానెల్ తన సొంత ఎరుపుతో చూపిస్తుంది, అంటే ఉన్నదానికన్నా ముదురుగా. అప్పుడు ఈ అక్క చీరను పక్కన పెట్టుకుని శాచురేషన్ తగ్గిస్తారు, చూసేవాళ్లకు ఫొటో చప్పగా కనిపిస్తుంది. ఇప్పుడు రిటర్న్‌లు వస్తున్నాయి, అప్పుడు ఆర్డర్లే రావు. ఓఎల్ఈడీ కొంటే కంపెనీ యాప్‌లో ఎస్ఆర్‌జీబీ మోడ్ ఉందో లేదో ముందే చూసుకోవాలి, ఉంటే ఫొటోల పనంతా ఆ మోడ్‌లోనే చేయాలి. ఇంకో సంగతి, చాలా ఓఎల్ఈడీ ల్యాప్‌టాప్‌లు వెలుగు తగ్గించినప్పుడు స్క్రీన్‌ను వేగంగా ఆర్పి వెలిగిస్తూ ఉంటాయి, పీడబ్ల్యూఎం అంటారు. కొంతమందికి దానివల్ల కళ్లు లాగుతాయి, తలనొప్పి వస్తుంది. రాత్రిపూట గంటలకొద్దీ పనిచేసేవాళ్లు షాపులోనే వెలుగు బాగా తగ్గించి కాసేపు చూసి తీసుకోవాలి.

నా మాటగా చెప్పాలంటే 100% ఎస్ఆర్‌జీబీ ఉన్న మామూలు ఐపీఎస్, 300 నిట్స్ పైన, మ్యాట్ ఫినిష్. ఈ పనికి ఇది చాలు.

కాలిబ్రేషన్ కూడా చెప్పేస్తాను, దాని మీద చాలా అపోహలున్నాయి. విండోస్‌లో ఉచితంగా వచ్చే కాలిబ్రేషన్‌లో కంటితో చూసి స్లైడర్లు జరుపుతాం. గామా (చీకటి నుంచి వెలుగు దాకా మెట్లు) మరీ తేడాగా ఉంటే అంతవరకు పనికొస్తుంది. కానీ కన్ను అలవాటు పడిపోతుంది, కాసేపు పసుపు వెలుగులో కూర్చుంటే పసుపే తెలుపు అనిపిస్తుంది. అందుకే కలరీమీటర్ కావాలి, స్క్రీన్‌కు ఆనించి పెట్టే చిన్న పరికరం. డేటాకలర్ వాళ్ల స్పైడర్, కాలిబ్రైట్ వాళ్లవి దొరుకుతాయి. కొత్తది పదివేలు దాటుతుంది కాబట్టి ఒక్కరే కొనడం దండగ, తెలిసిన ఫొటోగ్రాఫర్ల దగ్గర ఉంటే ఒక పూటకి అడిగి తెచ్చుకోండి. దాంతోపాటు డిస్‌ప్లేకాల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, పరికరంతో వచ్చిన దానికన్నా నాకు అదే నచ్చుతుంది.

మొదలుపెట్టే ముందు స్క్రీన్ అరగంట వెలిగి ఉండాలి. నైట్ లైట్ ఆపండి. హెచ్‌డీఆర్ ఆపండి. చుట్టూ ఉన్న వెలుతురును బట్టి బ్రైట్‌నెస్ మారే సెట్టింగ్ ఆపండి. విండోస్ 11లో స్క్రీన్ మీద ఉన్నదాన్ని బట్టి బ్రైట్‌నెస్ మార్చే సెట్టింగ్ ఇంకోటి ఉంటుంది, అదీ ఆపండి. ఇంటెల్ గ్రాఫిక్స్ అయితే డిస్‌ప్లే పవర్ సేవింగ్, ఏఎండీ అయితే వేరీ-బ్రైట్, ఈ రెండూ బ్యాటరీ మీద ఉన్నప్పుడు మనకు చెప్పకుండా రంగుల్ని మారుస్తాయి. నేను చూసినంతలో కాలిబ్రేషన్ పాడయ్యేది ఎక్కువగా వీటివల్లే, ప్యానెల్ వల్ల కాదు. తెలుపు 6500 కెల్విన్, అంటే డీ65. గామా 2.2. వెలుగు 120 నిట్స్ దగ్గర పెట్టండి. సాఫ్ట్‌వేర్‌లో ప్యానెల్ రకం అడుగుతుంది, మామూలు తెల్ల ఎల్ఈడీనా, వైడ్ గామట్టా (ఎక్కువ రంగులు చూపేదా), ఓఎల్ఈడీనా అని. అది తప్పుగా ఎంచుకుంటే మీటర్ కొలతే తప్పుతుంది.

చివర్లో డెల్టా ఈ అని ఒక అంకె ఇస్తుంది, ఉండాల్సిన రంగుకీ చూపిస్తున్న రంగుకీ ఉన్న తేడా అది. సగటు 2 లోపు ఉంటే మన కంటికి దాదాపు తెలియదు. ఒక్క సగటే చూసి సంతోషపడకండి, ఎరుపు ఒక్కదానిదీ విడిగా చూడండి. 45% ప్యానెల్ మీద బూడిద రంగులన్నీ బ్రహ్మాండంగా వచ్చి ఎరుపు దగ్గర అంకె ఎగిరిపోతుంది, అప్పుడు బైపాస్ అన్న చెప్పింది కళ్లారా కనిపిస్తుంది.

ఇంకొక్కటి. కాలిబ్రేషన్‌తో తయారైన ఐసీసీ ప్రొఫైల్‌లో (మీ స్క్రీన్ రంగుల వివరాలుండే ఫైల్ అది) రెండు భాగాలుంటాయి. తెలుపును, గామాను సరిచేసేది గ్రాఫిక్స్ కార్డులోకి ఎక్కుతుంది, అది అన్ని యాప్‌లకూ వర్తిస్తుంది. ప్యానెల్ ఏ రంగులు చూపగలదో చెప్పేది రెండోది, దాన్ని ఫొటోషాప్, క్రోమ్ లాంటి కలర్ మేనేజ్‌మెంట్ ఉన్నవి మాత్రమే చదువుతాయి. అందుకే కాలిబ్రేట్ చేశాక కూడా ఒకే ఫొటో రెండు యాప్‌లలో రెండు రకాలుగా కనిపిస్తే కంగారుపడకండి, ఫొటోషాప్‌లో ఉన్నదాన్నే నమ్మండి. నెట్‌లో అదే మోడల్ ల్యాప్‌టాప్ ప్రొఫైల్ దొరుకుతుంది కదా అని దించి పెట్టుకునేవాళ్లున్నారు. ఒకే ఫ్యాక్టరీలో తయారైన రెండు ప్యానెళ్లే ఒకలా ఉండవు, మీ దానికి అది నప్పుతుందన్న నమ్మకం లేదు.

చిత్తూరు_సర్వీస్:

కొత్త ల్యాప్‌టాప్ దాకా ఎందుకు? ప్యానెల్ ఒక్కటి మార్చుకోవచ్చు. నేను చిత్తూరులో ల్యాప్‌టాప్ రిపేర్లే చేస్తాను, ఈ పని మామూలుగా జరిగేదే. 15.6 ఫుల్ హెచ్‌డీ అన్నారు కాబట్టి దానికి సరిపోయే 100% ఎస్ఆర్‌జీబీ ప్యానెల్ దొరికే అవకాశం బాగానే ఉంది.

ముందు మీ దాంట్లో ఏముందో చూడండి. డివైస్ మేనేజర్ తెరిచి, మానిటర్స్ కింద ఉన్నదాని మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డీటెయిల్స్, అందులో హార్డ్‌వేర్ ఐడీలు. మొదటి మూడక్షరాలు చేసినవాళ్ల పేరు. ఏయూఓ అంటే ఏయూ ఆప్ట్రానిక్స్, సీఎంఎన్ అంటే ఇన్నోలక్స్, ఎల్‌జీడీ అంటే ఎల్‌జీ డిస్‌ప్లే, బీఓఈ అంటే బీఓఈనే. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం వేస్తే చాలావరకు పూర్తి మోడల్ నంబరే చూపిస్తుంది. ఒక్క అక్షరం తేడాకే ప్యానెల్ రకం మారిపోతుంది. ఏయూఓ వాళ్ల నంబర్లలో బీ156హెచ్‌టీఎన్ అని ఉంటే టీఎన్ (పక్కనుంచి చూస్తే రంగు మారిపోయే రకం), బీ156హెచ్ఏఎన్ అని ఉంటే ఐపీఎస్ తరహాది. ఒకే మోడల్ ల్యాప్‌టాప్‌లో కంపెనీ రెండు మూడు రకాల ప్యానెళ్లు వేస్తుంది, మీ పక్కింటివాళ్లది బాగుందని మీదీ అలాగే ఉంటుందనుకోకూడదు.

కొనేటప్పుడు చూడాల్సినవి: కనెక్టర్ 30 పిన్నా 40 పిన్నా, అది ప్యానెల్ వెనక ఏ వైపు ఉంది, పక్కన స్క్రూలకు చెవులున్నాయా లేక టేపుతో అంటించే రకమా, మందం ఎంత. 60 హెర్ట్జ్ ఫుల్ హెచ్‌డీకి ఎక్కువగా 30 పిన్ వస్తుంది, 120, 144 హెర్ట్జ్ వాటికి 40. ఈ నాలుగూ కలవకపోతే కొని దండగ. మన దగ్గర తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ షాపుల్లో పెట్టుకునేవి ఎక్కువగా 45% ప్యానెళ్లే, పగిలిన స్క్రీన్ మార్చుకునేవాళ్లు చవకది అడుగుతారు కాబట్టి. నేనైతే మద్రాసు రిచీ స్ట్రీట్ నుంచి తెప్పిస్తాను. అక్కడ కూడా "సేమ్ సైజ్ సార్" అని చేతిలో పెట్టేస్తారు, వెనక స్టిక్కర్ మీద పూర్తి నంబరు ఫొటో తీసి పంపమనండి, ఆ నంబరుకు డేటాషీట్ వెతికి రంగుల శాతం చూశాకే డబ్బు కట్టండి.

సొంతంగా విప్పేవాళ్లకు ఒక్క మాట. ప్యానెల్ కేబుల్ ముట్టుకునే ముందు లోపల బ్యాటరీ కనెక్టర్ తీసేయాలి. ఆఫ్ చేశాం కదా అని నేరుగా కేబుల్ లాగితే బోర్డు మీద బ్యాక్‌లైట్ ఫ్యూజ్ పోతుంది, ఆ తర్వాత ప్యానెల్ ఎంత మంచిదైనా వెలగదు. అలాంటివి నా టేబుల్ మీదకు వస్తూనే ఉంటాయి.

ఎస్వీయూ_హాస్టల్:

వికృతమాల దగ్గర టీసీఎల్ వాళ్ల ప్యానెల్ ఫ్యాక్టరీ ఉంది కదన్నా, ఏర్పేడు పక్కనే. అక్కడ నేరుగా దొరకవా?

చిత్తూరు_సర్వీస్:

అది టీవీలకు, ఫోన్లకు పెట్టింది తమ్ముడూ. ల్యాప్‌టాప్ ప్యానెల్ వేరు. పైగా ఫ్యాక్టరీలో ఒక్కొక్కటి విడిగా అమ్మరు.

తిరుచానూరు_లెన్స్:

అందరూ స్క్రీన్ గురించే రాశారు. చెప్పింది అంతా నిజమే, కానీ ఫొటో తీసే దగ్గర రంగు తప్పితే స్క్రీన్ ఎంత మంచిదైనా ఏం చేస్తుంది? కాళహస్తి మేడమ్‌గారూ, ఫొటోలు ఎక్కడ తీస్తున్నారు, ట్యూబ్‌లైట్ కింద తీయడం లేదు కదా?

కలంకారీలో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. మామూలు చీరకు తెల్లగా ఉండే చోటు దీనికి తెల్లగా ఉండదు. గుడ్డను కరక్కాయ, పాలలో నానబెడతారు కాబట్టి నేల రంగులో (బొమ్మల వెనకున్న గుడ్డ రంగులో) లేత పసుపు, మీగడ ఛాయ ఉంటుంది. కెమెరాలో ఆటో వైట్ బ్యాలెన్స్ (లైటు రంగును కెమెరా తానే సరిచేయడం) పెడితే ఆ పసుపును లైటు తప్పనుకుని తీసేయాలని చూస్తుంది. నేల తెల్లబడుతుంది, దాంతో ఎరుపు గులాబీ వైపు పోతుంది, బెల్లం, ఇనుముతో చేసిన ఆ కసిం నలుపులో ఉండే గోధుమ ఛాయ పోయి నీలంగా వస్తుంది. పని తెలిసినవాళ్లు చూస్తే ఇది మిల్లు ప్రింటు అనుకుంటారు. అంత కష్టపడి సహజ రంగులతో వేసి చివరికి ప్రింటులా కనిపిస్తే ఎంత అన్యాయం.

గ్రే కార్డు (వేరే ఛాయ లేని బూడిద రంగు అట్ట) ఒకటి కొనండి, చాలా చవక. చీర మీద పెట్టి ఒక ఫొటో తీసి, కార్డు తీసేసి మిగతావి తీయండి. ల్యాప్‌టాప్‌లో ఆ కార్డు మీద వైట్ బ్యాలెన్స్ పిక్కర్‌తో ఒక్క క్లిక్, అదే సెట్టింగ్ మిగతా అన్నిటికీ. స్క్రీన్ ఎంత చెత్తదైనా ఈ ఒక్క పని సరిగ్గా జరుగుతుంది, ఎందుకంటే ఇక్కడ కంటితో పనిలేదు, అంకెలతోనే పని. ఉదయం పది గంటల వేళ, ఎండ నేరుగా పడని వసారాలో తీయండి. లోపల లైట్లన్నీ ఆపేయండి. కిటికీ వెలుగు, ట్యూబ్‌లైటు కలిస్తే చీర ఒక కొంగు ఒక రంగు, రెండో కొంగు ఇంకో రంగు అవుతుంది, తర్వాత ఎవరూ సరిచేయలేరు.

బైపాస్_ఆల్బమ్స్:

లెన్స్ అన్న చెప్పింది ఈరోజు నుంచే మొదలుపెట్టండి అక్కా, దానికి ల్యాప్‌టాప్‌తో సంబంధం లేదు. ప్యానెల్ మార్చేదాకా శాచురేషన్ స్లైడర్ ముట్టుకోకండి. నీలిమందు నీలం విషయంలో కూడా అంతే, స్క్రీన్ మీద తగ్గినట్టున్నా వదిలేయండి. సేవ్ చేసేటప్పుడు ఎస్ఆర్‌జీబీలోకి మార్చి ప్రొఫైల్ కలిపి సేవ్ చేయండి. కెమెరాలో అడోబ్ ఆర్‌జీబీ (ఎస్ఆర్‌జీబీ కన్నా పెద్ద రంగుల పరిధి) పెట్టి ఉంటే తీసేయండి, అది మార్చకుండా అలాగే ఎక్కిస్తే చాలా చోట్ల చప్పగా కనిపిస్తుంది. పోస్టు కింద "సహజ రంగులు, ఫోన్ స్క్రీన్ మీద కాస్త ముదురుగా కనిపించవచ్చు" అని ఒక లైను రాయండి. వీలైతే అద్దకం అయ్యాక స్వర్ణముఖిలో ఉతుకుతున్న వీడియో ఒకటి పెట్టండి. ఆ ఎరుపు ఎక్కడినుంచి వచ్చిందో చూసినవాళ్లు దాన్ని వెలిసిన రంగు అనరు.

కాళహస్తి_అద్దకం:

ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు, అందరికీ చాలా థ్యాంక్స్. డివైస్ మేనేజర్‌లో చూశాను, సీఎంఎన్ అని మొదలవుతోంది. పాత ఫొటోలు మూడు తీసుకుని నేను పెంచిందంతా తీసేసి, మళ్లీ ఫోన్‌లో నేచురల్ మోడ్ పెట్టి చూశాను. చీర పక్కన పెడితే దాదాపు కలిసింది. ఇన్నాళ్లూ నేను పెంచకముందు ఫైల్‌లో రంగు సరిగ్గానే ఉందన్నమాట.

ఫొటోలు ఇంతకాలం లోపలి గదిలో ట్యూబ్‌లైట్ కిందే తీసేవాళ్లం, వసారా ఉంది, రేపటి నుంచి అక్కడే. కొత్త ల్యాప్‌టాప్ ఆలోచన మానేశాను, ప్యానెల్ మారుద్దాం. చిత్తూరు అన్నా, పిన్నులు ఎన్నో బయటినుంచి తెలుసుకునే దారి ఏమైనా ఉందా, లేక విప్పాల్సిందేనా? ప్యానెల్ మార్చాక రేణిగుంట అన్న చెప్పినట్టు మీటర్ ఎవరి దగ్గరైనా అడుగుతాను.

చిత్తూరు_సర్వీస్:

హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో మానిటర్ దగ్గర పూర్తి నంబరు చూసి ఇక్కడ పెట్టమ్మా, దాన్నిబట్టి డేటాషీట్ చూసి పిన్నుల సంగతి చెప్తాను. 60 హెర్ట్జ్ అయితే 30 అయ్యే అవకాశమే ఎక్కువ, అయినా వెనక స్టిక్కర్ చూడకుండా ఆర్డర్ పెట్టను. తీసుకొస్తే ముందు విప్పి చూసి, కొలతలు రాసుకుని మళ్లీ బిగించి ఇచ్చేస్తాను, ప్యానెల్ వచ్చాక ఒక గంట పని. పాత ప్యానెల్ పారేయకండి, దాచిపెట్టండి, రేపు కొత్తది పగిలితే పని ఆగకుండా ఉంటుంది.